ఢిల్లీ మీదుగా పెడన

పెడనలో మల్లికార్జునరావు ఎక్కని డాబా లేదు. గొప్పకి చెప్పే మాట కాదిది, ఆయన వృత్తే అలాంటిది. డాబాలతో సరిపెట్టాడా అంటే అదీ లేదు. పెంకుటిళ్ల కప్పులెక్కాడు, కప్పుకి బలం లేని ఇళ్ల పక్కన పాతిన సరుగుడు బాదులూ ఎక్కాడు. ముప్పై ఏళ్లపాటు ఊళ్లో ఎవరింట్లో టీవీ రాకపోయినా కబురు ఆయనకే వెళ్లేది. సైకిలుకి తగిలించిన సంచీలో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లయరు, నల్ల టేపు చుట్ట. చెవి మీద పెన్సిలు. ఇంతే ఆయన సరంజామా.

పని జరిగే తీరు ఊరందరికీ తెలిసిందే. పైన ఆయన ఏంటెన్నా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, విజయవాడ వైపు చూసుకుంటూ, బెత్తెడు తిప్పి "వచ్చిందా?" అని కేకేసేవాడు. లోపల టీవీ ముందు ఒకరు, గుమ్మంలో ఒకరు. లోపలివాళ్లు చూసింది గుమ్మంలోవాళ్లకి, గుమ్మంలోవాళ్లు విన్నది పైకి. "కొంచెం వచ్చిందండీ." "ఇందాకే నయమండీ." "మనిషి తెలుస్తున్నాడు గానీ మొహం తెలీట్లేదండీ." "ఒక్కడే ఇద్దరిలా కనపడుతున్నాడండీ." ఈ జవాబులే ఆయన మీటరు. చుక్కలు ఎక్కువైతే ఏంటెన్నా విజయవాడకి ఎడంగా తిరిగిందని లెక్క. ఒక్కడు ఇద్దరైతే, నేరుగా వచ్చిన బొమ్మ వెనకాలే రైసుమిల్లు గోడకి కొట్టుకుని దాని నీడ కూడా వస్తోందని లెక్క. తెర చూడకుండానే బొమ్మ కుదిర్చేవాడు. నిజం చెప్పాలంటే ఆ ముప్పై ఏళ్లలో ఆయన టీవీ చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

పుట్టింది మగ్గాల ఇంట్లో. తండ్రి గుంటమగ్గం మీద నేసేవాడు. ఈయనకి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం చేతకాక, పదిహేడో ఏట గుడివాడ వెళ్లి ఒక రేడియో షాపులో చేరాడు. రేడియోల కాలం వెనకబడి టీవీల కాలం వచ్చేసరికి చేతిలో పని ఉంది. మొదటిసారి టీవీ వెనక డబ్బా విప్పినప్పుడు షాపు యజమాని చెప్పాడు, లోపల వెలుగు ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీస్తూ, ఒకదాని కింద ఒకటిగా ఆరువందల పాతిక గీతలతో బొమ్మ నింపుతుందని. వినగానే మనవాడికి ప్రాణం లేచొచ్చింది. ఇది మగ్గమే కదా అనుకున్నాడు. అడ్డంగా పేక పోగు ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. ఎక్కడన్నా ఒక పోగు తెగితే అక్కడ గీత పడుతుంది, మిగతా చీరకి ఢోకా లేదు. ఆ ఆదివారం ఇంటికొచ్చి, "సెకనుకి పాతిక చీరలు నేస్తుంది నాన్నా" అన్నాడు. పెద్దాయన పోగు విసిరే నాడె ఆపకుండానే, "మరి అవన్నీ ఎక్కడ అమ్ముతార్రా" అన్నాడు.

పెడన చాలక దివిసీమ దాకా వెళ్లేవాడు. అవనిగడ్డలో, నాగాయలంకలో, హంసలదీవిలో కూడా ఆయన పాతిన గొట్టాలు ఉండేవి. నాగాయలంకలో ఒక వేసవి సాయంత్రం గాలి ఆడక, ఆకు కదలక, ఊరంతా ఉడికిపోతోంది. ఈయన ఏంటెన్నా తిప్పుతుంటే కింద ఇల్లాలు, "విజయవాడ పెట్టమంటే మద్రాసు పెట్టావేంటి నాయనా" అంది. దిగి చూస్తే నిజమే, ఎవరో అరవంలో వార్తలు చదువుతున్నారు, గుండీలు లెక్కపెట్టుకోవచ్చు. సముద్రం మీద గాలి వేడెక్కి నిలబడితే దూరపు స్టేషన్లు అలా జారుకుంటూ వస్తాయని ఆయనకి అనుభవం. గాలి మారాక పోతుందమ్మా అని చెప్పి, గట్టు మీద కూర్చుని, గాలి మారేదాకా ఉండి, విజయవాడ పెట్టి మరీ వచ్చాడు. పాత టీవీ అంటే ఆయనకి గాలి, వాన, గోడ, చెట్టు, అన్నీ కలిసిన యవ్వారం. దేనికి అలిగిందో మొహం చూస్తే తెలిసేది.

తర్వాత సంగతి మనందరికీ తెలుసు. కేబులొచ్చింది. ఏంటెన్నాలు బట్టలారేసుకునే దండేలయ్యాయి. ఆ తర్వాత కేబులుకి పెట్టెలొచ్చాయి, టీవీలు పల్చబడ్డాయి, పాడైతే విప్పేది పోయి మార్చేది వచ్చింది. మల్లికార్జునరావు మిక్సీలు, ఫ్యాన్లు, ఎమర్జెన్సీ లైట్లు బాగుచేస్తూ నెట్టుకొచ్చాడు. ఇంట్లో మాత్రం పంతానికి పాత లావుపాటి టీవీ, డాబా మీద పాత ఏంటెన్నా అట్టే ఉంచాడు. దూరదర్శన్ వాళ్లు గాల్లో వదిలే బొమ్మ ఇంకా వస్తూనే ఉంది, చాలదా అనేవాడు. ఆ టవర్లు కూడా ఒక్కొక్కటే ఆపేశారు. ఒకరోజు సాయంత్రం టీవీ పెడితే చుక్కలు తప్ప ఏమీ లేవు. డాబా ఎక్కి రెండు గంటలు తిప్పాడు. అవతల పంపేవాడే లేడని తెలిశాక కూడా, ఇంకో నెల రోజులు సాయంత్రం ఐదయ్యేసరికి టీవీ పెట్టి చుక్కల ముందు కాసేపు కూర్చునేవాడు. భార్య రత్నకుమారి పక్కన కూర్చుని బియ్యం ఏరుకునేది.

రత్నకుమారిది కలంకారీ అద్దకం పని. ముప్పై రెండేళ్లుగా అదే షెడ్డులో, అదే బల్ల దగ్గర నిలబడి, చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతోంది. ఆ అచ్చుల్లో చాలా మటుకు పక్కింటి రామబ్రహ్మం చెక్కినవే. రెండు వేల ఇరవై రెండు దసరాల ముందు విజయవాడ నుంచి దూరదర్శన్ వాళ్లు కెమెరాతో ఆ షెడ్డుకొచ్చి, అద్దకం మీద అరగంట కార్యక్రమం తీశారు. అందరిలోకీ రత్నకుమారి బాగా మాట్లాడుతుందని ఆమెనే ఎక్కువసేపు మాట్లాడించారు. మల్లికార్జునరావు ఆ రోజు ఉయ్యూరులో ఎవరిదో గ్రైండరు మోటారు చుట్టిస్తున్నాడు. ఇంటికొచ్చి, "ఏమడిగారు?" అంటే, "ఏవో అడిగారు, ఏవో చెప్పాను" అంది.

కార్తీకమాసంలో షెడ్డు యజమానికి ఫోనొచ్చింది. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి వేస్తున్నారట. ఆ మాట వినగానే రామబ్రహ్మం గోడ మీద నుంచి తొంగి చూసి, "చెల్లెమ్మా, మా ఇంట్లో కేబులుందిగా. నువ్వూ బావా వచ్చెయ్యండి, అందరం కలిసి చూద్దాం" అన్నాడు.

"వద్దన్నయ్యా. మా ఇంట్లోనే చూస్తాను" అంది రత్నకుమారి.

"మీ ఇంట్లో ఏముందమ్మా, చుక్కలు తప్ప?"

"ఈయన తెప్పిస్తారు" అని లోపలికెళ్లిపోయింది.

మల్లికార్జునరావు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఫోన్లో కూడా తర్వాత పెడతారట కదా అని నసిగాడు. ముప్పై రెండేళ్లు నిలబడి చేసిన పని అరచేతిలో చూసుకోమంటారా అందామె. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాడు. ఇంత నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియక ఆయన తికమకపడ్డాడు. ఈమె ఆయన్ని ఏదన్నా గట్టిగా అడగడం పెళ్లైన ఇన్నేళ్లలో ఇది రెండోసారో మూడోసారో.

మర్నాడు బుధవారం బందరు వెళ్లాడు. కోనేరు సెంటరుకి దగ్గర్లో డిష్‌లూ పెట్టెలూ అమ్మే సాయిబాబు ఒకప్పుడు ఈయన దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నవాడే. ఇప్పుడు జుట్టు నెరిసింది, షాపుకి అద్దాల తలుపొచ్చింది, కానీ గురువుగారూ అనడం మానలేదు.

"నెలనెలా కట్టక్కర్లేని డిష్ ఉంది గురువుగారూ, తీసుకెళ్లండి. మనిషిని పంపుతాను, అరగంటలో బిగించేస్తాడు."

"నాకు నువ్వు మనిషిని పంపుతావా?"

సాయిబాబు నాలిక్కరుచుకున్నాడు. టీ తెప్పించి, మాట మార్చడానికి అన్నట్టు, దీని పద్ధతి వేరని చెప్పడం మొదలెట్టాడు. "పూర్వం గాల్లో వచ్చింది బొమ్మేనండీ. సగం అందితే సగం బొమ్మ. ఇప్పుడు వచ్చేది బొమ్మ కాదు, లెక్క. ఒట్టి అంకెలు. ఈ పెట్టె ఆ అంకెలు చూసుకుని, బొమ్మ తనే వేసుకుంటుంది. అది కూడా గీతలు గీతలుగా కాదు, చిన్న చిన్న గళ్లుగా. లెక్క సరిపోయిందా, అద్దంలాంటి బొమ్మ. సరిపోలేదా, అసలు లేదు."

"కొంచెం రావడం ఉండదా?"

"ఉండదండీ. అంచుల్లో ఉంటే గళ్లు గళ్లుగా చెదురుతుంది, అదీ ఒక్క క్షణం. తర్వాత నిల్."

"మరి కొంచెం కూడా రాకపోతే, దగ్గరికొచ్చామో దూరమయ్యామో ఎలా తెలుస్తుందిరా?"

 సిగ్నల్ ఎంతుందో పెట్టె తెర మీద గీతలు చూపిస్తుంది లెండి అన్నాడు సాయిబాబు. మల్లికార్జునరావుకి ఇంకో అనుమానం వచ్చింది. ప్రోగ్రాం విజయవాడ నుంచే కదా వచ్చేది, డిష్ విజయవాడ వైపే పెట్టాలా అని అడిగాడు. కాదట. ఆగ్నేయం మూలకి, సముద్రం వైపు. విజయవాడ వాళ్లది ఆకాశంలోకి వెళ్తుందట, అక్కణ్ణించి ఢిల్లీలో దిగుతుందట, ఢిల్లీ వాళ్లు మిగతా చానళ్లతో మూటగట్టి మళ్లీ ఇంకో ఉపగ్రహానికి పంపితే, అది పెడనలో రాలుతుందట.

"డెబ్బై కిలోమీటర్లు లేని విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా రావడమేంటిరా?"

"అదే దగ్గర దారండీ ఇప్పుడు" అన్నాడు సాయిబాబు, నవ్వకుండానే.

తిరుగు బస్సులో డిష్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు దానికి కూడా టిక్కెట్టు తీసుకోమని వేళాకోళమాడాడు. ఆయనకి వినపడలేదు. సగం అందితే సగం ఎందుకు రాదన్న దగ్గరే బుర్ర ఆగిపోయింది. లోకంలో ఏదైనా కొంచెం కొంచెంగానే కదా పోయేది. కళ్లు కొంచెం కొంచెంగా మసకబారతాయి, చెవులు కొంచెం కొంచెంగా మందగిస్తాయి. నిన్నటిదాకా పూర్తిగా ఉండి ఇవాళ పూర్తిగా లేకపోవడం ఏం న్యాయమో ఆయనకి అర్థం కాలేదు.

గురువారం పొద్దున్నే పాత గొట్టానికి డిష్ బిగించాడు. ముప్పై ఏళ్లు వాయవ్యం చూసిన మనిషి ఆగ్నేయానికి తిరిగి నిలబడ్డాడు. పాత టీవీ వెనక పెట్టె వైర్లు తగిలించుకునే ఏర్పాటు ఆయన ఎప్పుడో చేసుకున్నదే. రత్నకుమారి షెడ్డుకి సెలవు పెట్టి టీవీ ముందు కూర్చుంది.

"స్ట్రెంగ్త్ ఎంతుందో చూడు."

"ఎనభై."

ఎనభై అంటే పండగే. ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "బొమ్మ వచ్చిందా?"

"లేదండీ. సిగ్నల్ లేదు అని రాసుంది."

ఎనభై ఉండి లేకపోవడమేంటి. కొంచెం ఎడమకి తిప్పాడు. ఎనభై. కుడికి తిప్పాడు. ఎనభై. విసుగెత్తి డిష్‌ని రైసుమిల్లు వైపుకి తిప్పేశాడు. అప్పుడూ ఎనభయ్యే. ఇంత చక్కగా అబద్ధమాడే యంత్రాన్ని ఆయన జీవితంలో చూడలేదు. మళ్లీ ఆగ్నేయానికి తెచ్చి, ఈ గీతల గొడవ మనకొద్దు, బొమ్మ సంగతే చెప్పమన్నాడు. పాత పద్ధతే పట్టుకున్నాడు. తిప్పడం, వచ్చిందా అనడం, తిప్పడం, వచ్చిందా అనడం. చేతికి ఆ తూగు అలవాటు.

పదకొండు గంటల ప్రాంతంలో రత్నకుమారి, "వచ్చింది" అంది. గొంతులో ఉత్సాహం. కానీ ఆ మాట డాబా మీదకొచ్చేసరికి చెయ్యి అక్కడ లేదు. వెనక్కి తెచ్చాడు. "పోయిందండీ." ఇటు తెచ్చాడు. "లేదు." అటు. "లేదు. ఆఁ, వచ్చింది. పోయింది." ఆమె వచ్చింది అన్న ప్రతిచోటా ఆగి చూశాడు. ఆగినచోట లేదు. దయ్యం పట్టిన ఇంట్లో గజ్జెల చప్పుడులా, ఎటు వెళ్తే అటు లేకుండా పోతోంది. వైరు మార్చాడు. కొబ్బరి మట్ట అడ్డమేమోనని పక్కవాళ్లని బతిమాలి కొట్టించాడు. శుక్రవారమూ ఇదే వరస. బిగించడం, వదులు చెయ్యడం, మళ్లీ బిగించడం. సాయంత్రానికి ఆమె గొంతు కూడా బొంగురుపోయింది.

శనివారం సిగ్గు చంపుకుని సాయిబాబుకి ఫోన్ చేశాడు.

"పై గీత చూడకండి గురువుగారూ. పై గీత వైరు బతికుందని చెబుతుంది, అంతే. కింది గీత చూడండి, క్వాలిటీ అని ఉంటుంది. రేపు మా మేనకోడలి పెళ్లండీ, ముదినేపల్లిలో ఉంటాను. సోమవారం పొద్దున్నే నేనే వస్తాను."

సోమవారం వస్తే ఏం చేసుకోవడానికి. ఆ సాయంత్రం మల్లికార్జునరావు డాబా పిట్టగోడ మీద కూర్చుని ఊరు చూశాడు. కనుచూపు మేర డిష్‌లు. అన్నీ సముద్రం వైపే మొహాలు పెట్టుకుని ఉన్నాయి. ఒక్కటి కూడా ఈయన పెట్టింది కాదు. ఎవరో వచ్చి అరగంటలో బిగించి వెళ్లినవి. అప్పుడు ఆయనకి నిజంగా భయం వేసింది. ఇన్నాళ్లూ తనకి పని వచ్చనుకున్నాడు. తనకొచ్చింది పని కాదేమో, పాత టీవీది మంచి మనసేమో అనిపించింది. సగం తప్పు చేసినా సగం బొమ్మ ఇచ్చి, ఇటు రా, ఇటు రా అని అదే చెయ్యి పట్టుకుని నడిపించింది. చెయ్యి పట్టుకునేవాళ్లు లేకపోతే తను నడవలేడు. ఆ మాట రత్నకుమారికి ఎలా చెప్పాలో తెలియక, అన్నం తినేటప్పుడు పచ్చడి బాగుందని చెప్పాడు.

ఆదివారం భోజనాలైన దగ్గర్నుంచీ మళ్లీ డాబా మీదే. ఆకాశం మబ్బుగా ఉంది. కింద టీవీ ముందు ఈసారి రామబ్రహ్మం కూర్చున్నాడు, కింది గీత చదవడానికి. రత్నకుమారి ఉతికిన నేత చీర కట్టుకుని, మెట్లెక్కి పైకొచ్చి, పిట్టగోడ పక్కన నిలబడింది. పావుగంట ఆయన చేతులే చూసింది.

"వచ్చిందా బావా?"

"సున్నా బావా."

"ఇప్పుడు?"

"సున్నా. ఆగాగు, పద్నాలుగు. సున్నా."

"ఏమండీ" అంది రత్నకుమారి. "మీరు అచ్చు పెట్టీ పెట్టకముందే లేపేస్తున్నారు."

ఆయన తలతిప్పి చూశాడు.

"కొత్తగా పనిలోకొచ్చిన పిల్లలు అంతే చేస్తారు. అచ్చు పెడతారు, పడిందో లేదోనని వెంటనే లేపి చూస్తారు. రంగు గుడ్డలోకి దిగద్దూ. పెట్టాక పిడికిలితో రెండు గుద్దులు గుద్దాలి. ఊపిరి పీల్చి వదలాలి. అప్పుడు లేపాలి. మీరు కదిపీ కదపకముందే అడిగేస్తున్నారు, అన్నయ్య చెప్పేలోపు ఇంకోచోటికి వెళ్లిపోతున్నారు. ఆ పద్నాలుగు ఇప్పుడు మీ చెయ్యి ఉన్నచోటిది కాదేమో."

మల్లికార్జునరావు డిష్ మీద నుంచి చేతులు తీసి, అక్కడే నిలబడిపోయాడు. సాయిబాబు చెప్పిన మాట గుర్తొచ్చింది. వచ్చేది బొమ్మ కాదు, లెక్క. లెక్క చేసుకోవడానికి ఆ పెట్టెకి కాస్త సమయం కావద్దూ. పాత టీవీ చెయ్యి కదిలినంతసేపూ చూపించేది. ఇది చెయ్యి కదిలాక కూర్చుని, కూడుకుని, తీసేసుకుని, అప్పుడు గళ్లు గళ్లుగా అద్దుతుంది. మూడు రోజులుగా రత్నం "వచ్చింది" అన్నదంతా నిజమే. ఆ మాట చెవిన పడేసరికి తన చెయ్యే ఆ చోటు దాటిపోతోంది.

చెవి మీద పెన్సిలు తీసి గొట్టం మీద గీత పెట్టాడు. గీత మందాన జరిపాడు. చేతులు వదిలేసి, లోపల ఐదు అంకెలు లెక్కపెట్టాడు. అప్పుడు అడిగాడు. సున్నా. ఇంకో గీత. ఐదు అంకెలు. సున్నా. రామబ్రహ్మానికి విసుగొచ్చి, "ఏంటి బావా, నిద్రపోయావా?" అన్నాడు. ఈయన ఇంకో గీత జరిపాడు. పదకొండో గీత దగ్గర, "పద్నాలుగు" అన్నాడు రామబ్రహ్మం. చాలాసేపు పద్నాలుగే ఉంది. పన్నెండో గీత దగ్గర నలభై. ఇప్పుడు పైకి, వెంట్రుకవాసి. ఐదు అంకెలు.

"అరవై రెండు. బావా, బొమ్మ. అద్దంలా ఉంది బావా."

నాలుగు కావడానికి పదకొండు నిమిషాలుంది. మల్లికార్జునరావు స్పానరు తీసుకుని నట్టు బిగించబోయాడు. నట్టు తిరుగుతోంది గానీ పట్టట్లేదు. మూడు రోజులు బిగించీ, వదులు చేసీ మర అరిగిపోయింది. చెయ్యి తీస్తే డిష్ వేలెడు కిందికి వాలింది. కింద నుంచి, "గళ్లు గళ్లు. పోయింది" అని వినపడింది. చేత్తో ఎత్తి పట్టుకుని ఐదు అంకెలు లెక్కపెట్టాడు. వచ్చింది. వదిలితే పోయింది. సంచీలో ఇంకో నట్టు లేదు. ఆదివారం, షాపులు లేవు. వైరుతో చుట్టాలంటే రెండు చేతులూ వదలాలి.

"నువ్వు దిగి చూడు రత్నం. నేను పట్టుకుంటాను."

"మీరు చూడద్దూ?"

"నేనెప్పుడు చూశాను గనక. వెళ్లు."

ఆమె రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి చూసి, వెళ్లింది. కింద రామబ్రహ్మం కుర్చీ ఖాళీ చేసి, తన ఇంట్లోవాళ్లతో చూడ్డానికి గోడ దాటి వెళ్లిపోయాడు. మల్లికార్జునరావు డిష్‌ని భుజానికి ఆనించుకుని, రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. పెన్సిలు గీత మీదే కన్ను.

నాలుగింటికి కుడివైపు నుంచి సన్నాయి పాట మొదలైంది. రామబ్రహ్మం ఇంట్లోది. నాలుగు సెకన్లు గడిచాక అదే పాట కాళ్ల కింద నుంచి, తన ఇంట్లోంచి మొదలైంది. ఆయనకి కాసేపు తల తిరిగింది. పూర్వం బొమ్మకి నీడ పడేది, ఇప్పుడు గొంతుకి పడుతోందా, పడితే రెంటిలో ఏది నీడ అనుకున్నాడు. ఆ తర్వాత ఢిల్లీ గుర్తొచ్చింది. కేబులువాడు మధ్యలో ఎక్కడో పట్టుకుని ముందే ఇచ్చేస్తున్నాడు. తనది ఢిల్లీ దాకా వెళ్లి వస్తోంది. ఎంత దూరం తిరిగొస్తేనేం, వస్తోంది.

కాసేపటికి కుడివైపు నుంచి రత్నకుమారి గొంతు వినపడింది. కరక్కాయ నీళ్లలో గుడ్డ నానబెట్టడం చెబుతోంది. ఆ వెంటే కాళ్ల కింద నుంచి మళ్లీ అదే గొంతు. రెండు గొంతులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే సగం మాటలు తెలియడం లేదు. ఆమె అచ్చు మీద పిడికిలి గుద్దిన చప్పుడు మాత్రం కుడివైపు రెండు, కింద రెండు, స్పష్టంగా విన్నాడు. చేతులు లాగుతున్నాయి. మెడ మీద దోమ వాలింది. కదల్లేదు.

చివర్లో అడిగే ఆవిడ, "మరి ఈ కార్యక్రమం మీరెక్కడ చూస్తారమ్మా?" అంది.

ఆయన కింది గొంతు వదిలేసి చెవి కుడివైపే పెట్టాడు, రత్నకుమారి గొంతు తడుముకోకుండా వచ్చింది. "మా ఇంట్లోనేనండీ. మా ఇంట్లో టీవీ రావడం మానేసి ఏడాది దాటింది. అయినా మా ఆయన టీవీ మెకానిక్కండీ. ఈ ఊరు ఊరంతటికీ టీవీలు తెప్పించింది ఆయనే. ఆ రోజుకి నాకూ తెప్పిస్తారు."

తెప్పిస్తారు అని రెండు నెలల కిందటే చెప్పేసింది. అప్పటికి ఇంకా డిష్ కొనలేదు, ఏ రోజు వేస్తారో కూడా తెలియదు. ఊరికీ, జిల్లాకీ, ఢిల్లీకీ కూడా చెప్పేసి, ఇంటికొచ్చి ఏవో అడిగారు ఏవో చెప్పాను అంది. మల్లికార్జునరావు కింద గుమ్మం వైపు తిరగబోయాడు. చేతిలో డిష్ కదలబోయింది.

అంతలోనే తట్టింది. ఆ చివరి మాట ఇంకా కిందికి రాలేదు. ఢిల్లీ నుంచి దారిలో ఉంది. నాలుగు సెకన్లుంది. ఇప్పుడు గానీ చెయ్యి కదిలితే సరిగ్గా ఆ మాటే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. డిష్‌ని గుండెకి అదుముకుని, ఊపిరి బిగబట్టి, కళ్లు నిండుతుంటే తుడుచుకోకుండా, పెన్సిలు గీత కనపడకపోయినా అది ఉన్నచోటే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రోజుకి నాకూ తెప్పిస్తారు" అంది కాళ్ల కింద నుంచి రత్నకుమారి గొంతు. ఒక్క అక్షరం చెదరలేదు.

సన్నాయి మళ్లీ వచ్చింది, ముందు కుడివైపు, తర్వాత కింద. అయిపోయిందని తెలిసినా ఆయన చేతులు వదల్లేదు. గొంతు సవరించుకుని, డాబా అంచు మీద నుంచి కిందికి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ కేకేశాడు.

"వచ్చిందా?"

జవాబు వెంటనే రాలేదు. ఆయన తొందరపడలేదు. ఐదు అంకెలూ లెక్కపెట్టాడు, ఆ పైన ఇంకో ఐదు కూడా లెక్కపెట్టాడు. అప్పుడు కింద గుమ్మంలో చీర కొంగు కనపడింది.

"వచ్చిందండీ" అంది రత్నకుమారి. "మీరిక దిగండి."